తుమ్మంటే భయం

శ్రోతలకు నమస్కారం.

మిరపకాయల కాలంలో గుంటూరు చుట్టుపక్కల తొడిమలు తీసే ఆడవాళ్లను మీరు చూసే ఉంటారు. ముక్కుకూ నోటికీ పైటచెంగు బిగించి కట్టుకుని, ఎర్రటి రాశి చుట్టూ కూర్చుని ఉంటారు. ఆ ఘాటుకు దారిన పోయేవాళ్లకే తుమ్ములు ఆగవు, రోజంతా అక్కడే కూర్చునేవాళ్ల సంగతి వేరే చెప్పాలా? అలా పనిచేసే ఒకామె, నలభై ఏళ్లు ఉంటాయేమో, నేను నర్సుగా ఉన్న రోజుల్లో ఆసుపత్రికి వచ్చింది. చేతుల మంట అని చీటీ రాయించుకుంది. డాక్టరుగారు చేతులు చూసి పూత మందు రాశారు. ఆమె మాత్రం వెళ్లలేదు. గది ఖాళీ అయ్యేదాకా బల్ల చివర కూర్చుని, తరువాత నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "సిస్టరమ్మా, తుమ్మితే చీర తడుస్తోంది" అంది. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. రెండో కాన్పు నుంచట. ఆ రెండోవాడు అప్పటికి పదో తరగతి చదువుతున్నాడు.

ఇన్నేళ్లూ ఊరికే ఉందా అంటే, లేదు. వేడి చేసిందన్నారని సగ్గుబియ్యం జావ తాగింది. ధనియాలు నానబెట్టిన నీళ్లు తాగింది. బొడ్డుకు ఆముదం రాసుకుంది. ఏదీ పనిచేయకపోయేసరికి నీళ్లు తాగడమే తగ్గించింది. గర్భసంచి తీయించుకుంటే పీడ పోతుందని ఎవరో చెప్తే, అందుకు డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టింది.

ఇంటి వైద్యాన్ని వెక్కిరించడానికి నేను రాలేదు. మా అమ్మ శొంఠి కషాయం తాగి పెరిగినదాన్నే. నా ఫిర్యాదంతా ఒక్క మాట మీద. నడుము కింద ఆడవాళ్లకు ఏ బాధ వచ్చినా మనం 'వేడి' అనేస్తాం. మూత్రంలో మంటా వేడే, తెల్లబట్టా వేడే, నెలసరి నొప్పీ వేడే, చివరికి మూత్రం చుక్కలుగా జారిపోవడమూ వేడే. జబ్బులు నాలుగు, పేరు ఒకటి. పేరు ఒకటే కాబట్టి మందూ ఒకటే. మందు మంచిదే అయినా తగలవలసిన చోట తగలదు.

మూత్రంలో మంట సంగతి చూద్దాం. బార్లీ నీళ్లు, ధనియాల నీళ్లు, పల్చటి మజ్జిగ, కొబ్బరి నీళ్లు అంటారు. వీటన్నింటిలోనూ ఉన్నది నీరే. తక్కువ నీళ్లు తాగుతూ, మాటిమాటికీ మూత్రాశయ ఇన్ఫెక్షన్ తెచ్చుకునే 140 మంది స్త్రీల మీద జరిపిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. వాళ్లలో సగం మంది ఏడాదిపాటు రోజూ అదనంగా లీటరున్నర నీళ్లు తాగారు. వాళ్లకు ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. అమ్మమ్మల బార్లీ నీళ్లలో బార్లీ కంటే నీళ్లే ఎక్కువ పనిచేశాయని నా అనుమానం. కాకపోతే నీళ్లు తాగమని చెప్పడం తేలిక. పొలంలో, బస్టాండులో, తలుపు గడియ పడని బడి మరుగుదొడ్డి దగ్గర ఆ మాట ఎలా చెల్లుతుంది? పొద్దున బయల్దేరి సాయంత్రం ఇల్లు చేరేదాకా గొంతు తడుపుకోని టీచరమ్మలు నాకు తెలుసు. ఇక మంటతో పాటు చలిజ్వరం వచ్చినా, నడుము పక్కల నొప్పి పుట్టినా, మూత్రంలో రక్తం కనబడినా, కడుపుతో ఉన్నా ధనియాల దగ్గర ఆగకూడదు. ఆ రోజే డాక్టరును చూడాలి.

తెల్లబట్ట గురించి ఒక భయం పోగొట్టాలి. ఎముకలు కరిగి తెల్లగా పోతున్నాయని, అందుకే నడుము లాగుతోందని మన పల్లెల్లో ఇప్పటికీ నమ్ముతారు. ఎముకలు అలా కరగవు. నెలసరికి నెలసరికి మధ్య కొంత తెలుపు కనబడటం సహజం. దురద, పెరుగు ముక్కల్లాంటి తెలుపు, చెడువాసన, రంగు మారడం, వీటిలో ఏది ఉన్నా అది జబ్బే. కారణం తెలిస్తే కొద్ది రోజుల మందులతో నయమవుతుంది. ఈలోగా పటిక నీళ్లతో, క్రిమినాశక ద్రావణాలతో లోపల కడుక్కోవడం, వెల్లుల్లి రెబ్బలు పెట్టుకోవడం వంటివి దయచేసి చేయకండి. యోనిలో సహజంగానే ఒక పులుపు ఉంటుంది. దాన్ని కాపాడే సూక్ష్మజీవులు మన పెరుగు తోడుకునే వాటికి దాయాదులు. కడిగేకొద్దీ అవి పోయి, రోగక్రిములకు చోటు దొరుకుతుంది.

నెలసరి నొప్పి విషయంలో మాత్రం అమ్మమ్మలు గెలిచారు. పొత్తికడుపు మీద వేడినీళ్ల సీసా పెట్టుకుంటే మామూలు నొప్పి బిళ్లకు దీటుగా ఉపశమనం ఇస్తుందని పరీక్షించి చూశారు. చర్మం కాలకుండా మధ్యన గుడ్డ వేసుకుంటే చాలు. శొంఠి కూడా కొంత పనిచేస్తుంది. అయితే ఏటికేడు పెరిగే నొప్పికి కాపడం పెట్టుకుంటూ కూర్చోవద్దు.

ఇక మన మిరపకాయల ఆమె దగ్గరికి వద్దాం. ఆమెది వేడి కాదు, కండరం.

నులకమంచం ఊహించుకోండి. కటి భాగం అడుగున కండరాలు అలాగే అల్లుకుని మూత్రాశయాన్నీ గర్భసంచినీ పెద్దపేగు చివరనూ మోస్తుంటాయి. కాన్పులు, బిందెలు, మూటలు, ముక్కి ముక్కి విరేచనానికి వెళ్లడం, వదలని దగ్గు, వీటన్నిటికీ నులక సాగుతుంది. సాగిన మంచం మీద పిల్లవాడు ఎగిరితే నేల తగులుతుంది కదా. తుమ్మినప్పుడు జరిగేదీ అదే. మరీ సాగితే గర్భసంచి కిందికి దిగుతుంది. అప్పుడు ఏదో జారుతున్నట్టు, గడ్డ మీద కూర్చున్నట్టు ఉంటుందని చెబుతారు. మంచం వదులైతే పారేయం. కాళ్లవైపు తాళ్లు లాగి బిగిస్తాం.

ఈ కండరాలనూ అలాగే బిగించవచ్చు. ఆ బిగింపును హఠయోగంలో మూలబంధం అంటారు. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా స్త్రీవైద్య నిపుణుడు కాన్పు తరువాత వచ్చే ఈ ఇబ్బందికి అలాంటి వ్యాయామాన్నే చికిత్సగా రాశాడు. తుమ్మితే, దగ్గితే మూత్రం జారేవాళ్లకు శస్త్రచికిత్స ఆలోచనకు ముందు చేయించవలసినది ఇదేనని నేటి వైద్యం కూడా అంటుంది. చేసే తీరు చెబుతాను. నలుగురిలో ఉండగా గ్యాస్ బయటికి రాకుండా ఎలా ఆపుకుంటారో అలా లోపలికి, పైకి బిగించాలి. ఐదు అంకెలు లెక్కపెట్టి పూర్తిగా వదలాలి. వదలడం కూడా వ్యాయామమే. ఇలా ఎనిమిది సార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. ఊపిరి బిగబట్టకూడదు. తొడలు, పిరుదులు బిగించకూడదు. కిందికి ముక్కకూడదు. ముక్కితే చేసేది తిరగబడుతుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని అలవాటు చేసుకోవద్దు. బిగించబోతేనే నొప్పి పుట్టేవాళ్లకు కండరం వదులై ఉండదు, పట్టేసి ఉంటుంది. వాళ్లు ఫిజియోథెరపిస్టును చూడకుండా చేయకూడదు. ప్రోస్టేట్ ఆపరేషను తరువాత మగవాళ్లకూ ఇదే నేర్పుతారు, కాబట్టి వింటున్న పెద్దమనుషులు రేడియో కట్టేయనక్కర్లేదు.

బాలింత పత్యం గురించి ఒక మాట. శొంఠి, పిప్పళ్లు, బెల్లం వేసి చేసే కాయం మితంగా తింటే దానితో నాకు పేచీ లేదు. పొట్ట వస్తుందని బాలింతకు నీళ్లు ఇవ్వకపోవడంతోనే నా పేచీ. నీళ్లు లేక మలం గట్టిపడుతుంది, ఆమె ముక్కుతుంది, అప్పుడే పుండైన కండరం ఇంకా సాగుతుంది. నడికట్టు కూడా ఊపిరాడనంత బిగిస్తే ఆ ఒత్తిడి పోయేది కిందికే. నీళ్లు, ఆకుకూరలు, రాత్రిపూట ఇసబ్గోల్, ఇవి గర్భసంచికి చేసే మేలు పేరు లేని పొట్లాల్లో అమ్మే చూర్ణాలు చేయవు. అలాంటి కొన్ని పొట్లాల్లో సీసం, పాదరసం కూడా బయటపడ్డాయి.

గర్భసంచి జారడానికి పూర్వం గ్రీకు వైద్యులు స్త్రీని నిచ్చెనకు తలకిందులుగా కట్టి ఊపేవారు. మరికొందరు దానిమ్మకాయను లోపల అడ్డుపెట్టేవారు. నవ్వకండి, ఆ దానిమ్మ ఆలోచనే ఇవాళ పెసరీ అనే సిలికాన్ రింగు అయింది. డాక్టరు కొలత చూసి పెడతారు, శుభ్రం చేసి మళ్లీ పెట్టవచ్చు. ఆపరేషను వద్దనుకునేవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు అదొక దారి. మన దగ్గర దాని పేరు విన్నవాళ్లే తక్కువ. ఆపరేషను పేరు మాత్రం అందరికీ తెలుసు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతానికి కాస్త ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం, తెలంగాణలో 8 శాతానికి దగ్గర. మన ఆడవాళ్ల గర్భసంచులకే అంత రోగమా? నేను నమ్మను. అవసరమైనచోట ఆ ఆపరేషను ప్రాణం నిలుపుతుంది. కానీ తుమ్మితే జారే మూత్రానికి అది మందు కాదు.

ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడినా, కలయిక తరువాత కనబడినా ఒక్క రోజు కూడా కషాయాలతో గడపకండి. ముప్పై నుంచి అరవై ఐదేళ్ల స్త్రీలకు ఐదేళ్లకోసారి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి.

ఆ మిరపకాయల ఆమెకు ఇదంతా చెప్పినప్పుడు, "మూడు పూటలా నాకు తీరికెక్కడిది?" అంది. తరువాత తనే ఉపాయం కనిపెట్టింది. తట్ట నిండినప్పుడల్లా ఒకసారి బిగించేది. పక్కన కూర్చున్నవాళ్లకు తెలియనే తెలియదట. నాలుగు నెలలకు మళ్లీ వచ్చింది, ఈసారి చీటీ రాయించుకోకుండా, వెంట ఇద్దరిని తీసుకుని. వాళ్లు కూడా గది ఖాళీ అయ్యేదాకా ఆగారు.

మీరు ఇప్పుడు ఎక్కడ ఉన్నా, పక్కన ఎవరున్నా సరే. ఊపిరి మామూలుగా తీసుకోండి. లోపలికి, పైకి బిగించండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. వదలండి. ఇంకా ఏడు ఉన్నాయి.