అమ్మ ఇచ్చిన ఆనవాలు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎండలో నడిచొచ్చిన పెద జాలరిపేట వాళ్లకు నమస్కారం. ‘దేశానికి డీఎన్‌ఏ బ్యాంకు కావాలా, వద్దా’ అన్నది ఈరోజు అంశం. అంటే మనుషుల డీఎన్‌ఏ వివరాలు దాచి, అవసరమైనప్పుడు పోల్చి చూసే చోటు. కాయితం మీద రాసుకునే వచ్చాను. కానీ ముందు మా అన్నయ్య సంగతి చెప్పనివ్వండి.

1996 నవంబరులో హార్బర్ నుంచి వేటకెళ్లాడు. 6వ తేదీన కాకినాడ దగ్గర తుపాను తీరం దాటింది. బోటు రాలేదు. మూడు వారాలకు దక్షిణాన ఒక ఊళ్లో శవం ఒడ్డుకు కొట్టుకొచ్చిందని కబురు. నేనూ అమ్మా వెళ్లేసరికి పూడ్చేశారు. ‘గుర్తు తెలియని పురుషుడు’ అని రాసుంది. ‘నల్ల మొలతాడు ఉందా బాబూ?’ అని అడిగింది అమ్మ. ఎవరూ చూడలేదు. రక్తంతో పోల్చే పరీక్ష ఉందటగా అని నేనంటే, ‘అవి పెద్ద కేసులకి, మీలాంటోళ్లకి కాదు’ అన్నాడొక ఉద్యోగి. హైదరాబాదులో జీవకణాల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ సీసీఎంబీలో, శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారి బృందం ఆ డీఎన్‌ఏ పరీక్షను అప్పటికే చేసి చూపించింది. చనిపోయినట్టు కాయితానికి ఏడేళ్లు ఆగమన్నారు. బొట్టు తీయాలో ఉంచాలో తెలియక మా వదిన ఆ ఏడేళ్లూ ఎలా గడిపిందో ఈ సభలో చెప్పలేను.

2023 జూన్ 2న ఒడిశాలోని బహానగాలో కోరమాండల్ రైలు ప్రమాదం. ఆనవాలు పట్టలేని శవాలను భువనేశ్వర్ ఎయిమ్స్‌లో ఉంచి, బంధువుల రక్తంతో పోల్చి అప్పగించారు. అంటే చేయొచ్చు! చేయాలనుకుంటే చేయొచ్చు!

ఎముకలు పాతబడ్డా తల్లి వైపు డీఎన్‌ఏ దొరికే అవకాశం ఉంటుంది. తల్లి అది బిడ్డలందరికీ ఇస్తుంది. అమ్మ పోయింది, కానీ అన్నయ్యను గుర్తుపట్టేది నా ఒంట్లో ఉంది. రేపు అడిగినా ఇస్తాను.

అయితే ఒక్కమాట. 2019 డీఎన్‌ఏ బిల్లు తప్పిపోయినవాళ్ల, పేరు తెలియని శవాల వివరాలనూ అనుమానితుల వివరాలనూ వేరు జాబితాలుగానే పెట్టింది, కానీ ఒకే బ్యాంకులో. 2023లో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. మన శవాల జాబితా దాంతోపాటే పోయింది. నేర కేసుల కోసం చేసిన 2022 గుర్తింపు చట్టం మాత్రం ఉంది. దాని కింద కేసుల్లో పట్టుబడ్డవాళ్ల నుంచి తీసుకున్న వేలిముద్రలు, రక్తం లాంటి వాటి వివరాలు 75 ఏళ్లు దాచొచ్చు. నిర్దోషి అని తేలితే చెరిపేయాలని అందులోనే ఉంది. చెరిపారని మనకెవరు చూపిస్తారు? నా రక్తం నా ఒక్కడిదే కాదు, మా మేనల్లుళ్ల జాడా అందులో ఉంటుంది. అన్నయ్య కోసం ఇచ్చింది వాళ్ల మీద కేసులకి వాడకూడదు. కువైట్ 2015లో అందరి డీఎన్‌ఏ తీసుకోవాలని చట్టం చేసింది, 2017లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానమే కొట్టేసింది. మనకు అందరిదీ అక్కర్లేదు. ఇష్టపడి ఇచ్చిన కుటుంబాలది, పేరు లేని శవాలది చాలు. ఆ బ్యాంకు పోలీసుల చేతిలో ఉండకూడదు.

టైమ్ అయిందంటున్నారు. ఇదే అర్జీగా రాశాం, గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. చదవడం రాని అమ్మలు ఆగండి, నేనే చదివి వినిపిస్తాను. మీవాళ్లు ఏ ఏడాది, ఏ బోటులో వెళ్లారో గుర్తున్నంత చెప్పండి, పక్కనే రాసుకుంటాం.