మోకాలి చిప్ప చేసే పని

శ్రోతలందరికీ నమస్కారం. పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలు ఉంటాయి. రెండు చేతుల మణికట్లు, అరచేతులు, వేళ్లు, రెండు పాదాలు కలిపితేనే 106. అన్నింటి గురించీ చెప్పే టైమ్ లేదు. నాకు బాగా ఇష్టమైన ఒక్క ఎముక గురించి చెప్తాను. మోకాలి చిప్ప.

కూర్చుని వింటున్నవాళ్లు ఒక కాలు ముందుకు చాపండి. మడమ నేలకు ఆనించి, తొడను పూర్తిగా వదులు చేయండి. చిప్పను రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా జరపండి. కదులుతోంది కదా? ఇప్పుడు తొడ బిగించండి. చిప్ప కాస్త పైకి జరిగి, అక్కడే నిలబడిపోతుంది.

ఎందుకంటే ఆ చిప్ప ఉన్నది తొడ ముందు కండరం నుంచి వచ్చే పట్టీలోనే. ఆ పట్టీ చిప్ప మీదుగా కిందికి దిగి, పిక్క ముందుండే పెద్ద ఎముకను పట్టుకుంటుంది. బావి మీద గిరక చేదతాడుకు సాయపడ్డట్టు, చిప్ప ఆ కండరానికి సాయపడుతుంది. చిప్ప లేకపోతే కాలు చాపడానికి తొడ ఇంకా చాలా గట్టిగా లాగాలి. అప్పుడే పుట్టిన బిడ్డకు ఇది ఇంకా ఎముక కూడా కాదు, మెత్తని మృదులాస్థి. 3 నుంచి 6 ఏళ్ల మధ్య ఎముకగా మారడం మొదలవుతుంది. పాకే పిల్లల మోకాళ్లు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

చిప్ప వెనక వైపు మందమైన, నున్నని పొర ఉంటుంది. మనం గుజ్జు అంటాం. దానికి రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవమే దాని తిండి. కాలు మీద బరువు పడితే ద్రవం బయటికి పోతుంది, బరువు తీస్తే మళ్లీ లోపలికి వస్తుంది. కదిలితేనే దానికి తిండి. మళ్లీ చెప్తున్నా, కదిలితేనే తిండి.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ అన్నలు, నర్సంపేట వైపు బురదలో నాట్లు వేసే అక్కలు మోకాళ్ల నొప్పి అనగానే చుట్టుపక్కలవాళ్లు "గుజ్జు అరిగింది, ఇక నడవకు" అంటారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. బరువులు తగ్గించుకోవాలి, గొంతుక్కూర్చోవడం తగ్గించుకోవాలి. నడక మాత్రం ఆపొద్దు. మూలన కూర్చుంటే తొడ బలం తగ్గుతుంది, ఆ భారమంతా కీలు మీదే పడుతుంది.

ఒక్క పని చేయండి. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి, తొడ బిగించి, ఐదు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున, సాయంత్రం. కొంచెం లాగినట్టు ఉంటే ఫర్వాలేదు, పోటు వస్తే ఆపేయండి. మోకాలు వాచి వేడిగా ఉన్నా, జ్వరం ఉన్నా, పడ్డాక కాలు మోపలేకపోతున్నా ఇది చేయొద్దు. నూనె మర్దన కూడా వద్దు. అదే రోజు డాక్టరుకు చూపించండి.