రేవు లేని తీరంలో ఒక యుద్ధనౌక

శ్రోతలకు నమస్కారం.

మన తూర్పు తీరపు సముద్రంలో ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు పదహారు నెలల్లో ఐదుసార్లు తలపడ్డారు. ఆ ఐదింటిలోనూ ఉన్న ఫ్రెంచి ఓడ 'ఎరో'. 74 ఫిరంగుల తెరచాప నౌక. 1778లో ఫ్రాన్స్ రేవు తూలోన్‌లో కట్టారు. 1781 మార్చిలో ఫ్రాన్స్‌లోని మరో రేవు బ్రెస్ట్ నుంచి బయలుదేరినప్పుడు దాని మీద ఉన్న నాయకుడు సుఫ్రెన్.

1782 ఫిబ్రవరిలో మద్రాసుకు దక్షిణాన సద్రాస్ దగ్గర మొదటి పోరు. ఏప్రిల్‌లో శ్రీలంక తీరంలోని ప్రొవిడియన్, జులైలో నాగపట్నం. ఎదుట ప్రతిసారీ ఇంగ్లీషు అడ్మిరల్ హ్యూజే.

నన్ను కట్టిపడేసేది ఈ పోరాటాల కంటే వాటి మధ్య జరిగిన పని. హ్యూజ్‌కు మద్రాసు ఉంది, పెద్ద మరమ్మతులకు బొంబాయి ఉంది. సుఫ్రెన్‌కు ఈ తీరంలో ఓడను బాగుచేసుకునే రేవే లేదు. పుదుచ్చేరి అప్పటికే చేజారిపోయింది. నాగపట్నం పోరు తర్వాత కడలూరు ముందు లంగరు వేసి, చిన్న ఓడల నుంచి తెరచాప కొయ్యలు ఊడదీసి పెద్ద ఓడలకు బిగించారు. కలప కోసం ఊళ్లో ఇళ్లు కూడా విప్పించారు. హైదర్ అలీ స్వయంగా వచ్చి సుఫ్రెన్‌ను కలిసింది కూడా ఆ రోజుల్లోనే. ఇల్లు పోయిన కడలూరు జనం ఆ రాత్రులు ఎక్కడ తలదాచుకున్నారో!

అలా అతుకులు వేసిన ఓడలతోనే వెళ్లి, ఆగస్టు చివర్లో శ్రీలంకలోని త్రింకోమలి కోటను పట్టుకున్నారు. అంటే చివరికి రేవు దొరికింది. సెప్టెంబరు 3న హ్యూజ్‌తో తలపడ్డారు. మిగతా ఓడలు వెనకబడ్డాయి. ఎరో, పక్కన ఒకటి రెండు ఓడలే శత్రువుల మధ్య చిక్కుకున్నాయి. ఎరో పెద్ద తెరచాప కొయ్య విరిగి జెండాతో సహా కూలింది. లొంగిపోయిందనుకుని ఇంగ్లీషు నావికులు కేకలు వేశారు. తెల్ల జెండాలు తెండి, ఓడ చుట్టూ కట్టండి అని సుఫ్రెన్ అరిచాడు. అప్పట్లో ఫ్రాన్స్ రాజు జెండా తెల్లనిదే. ఎరో లొంగలేదు.

తుఫానుల కాలం సుమత్రాలోని అచే దగ్గర గడిపారు. 1783 జనవరిలో గంజాం దగ్గర ఒక ఇంగ్లీషు ఫ్రిగేట్‌ను, అంటే వేగంగా వెళ్లే చిన్న యుద్ధనౌకను, పట్టుకున్నారు. జూన్‌లో కడలూరు దగ్గర చివరి పోరు. ఆ వెంటనే ఫ్రాన్స్, ఇంగ్లండుల మధ్య సంధి వార్త వచ్చింది.

ఈ ఐదు పోరాటాల్లో ఎవరూ పూర్తిగా గెలవలేదు. అయినా తిరుగు ప్రయాణంలో, గుడ్‌హోప్ అగ్రం దగ్గర, తనతో పోరాడిన ఇంగ్లీషు కెప్టెన్లే వచ్చి సుఫ్రెన్‌కు గౌరవం తెలిపారు. అన్ని సత్కారాల్లోనూ అదే తనకు ఎక్కువ సంతోషం కలిగించిందని ఆయన రాసుకున్నాడు.

సుఫ్రెన్ 1788లో చనిపోయాడు. ఎరోను 1793 డిసెంబరులో, అప్పటిదాకా తమ చేతిలో ఉన్న తూలోన్ విడిచిపోతూ ఇంగ్లీషువాళ్లు తగలబెట్టారు.