పాత స్టీరియో యాంప్లిఫయర్‌లో వాల్యూమ్ గరగర: ఏ క్లీనర్ పనిచేస్తుంది, పాట్ ఎప్పుడు మార్చాలి?

ప్రేక్షకులందరికీ నమస్కారం. వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడల్లా స్పీకర్లలో గరగరమని శబ్దం రావడం, ఒక్కొక్కచోట ఒక పక్క స్పీకర్ పూర్తిగా మూగబోవడం పాత యాంప్లిఫయర్లలో తరచుగా కనిపించే లోపం. దీనికి వాడే క్లీనర్లలో ఏది మేలో, ఏది హాని చేస్తుందో ఈ వీడియోలో పరిశీలిద్దాం.

వాల్యూమ్ కంట్రోల్ ఒక పొటెన్షియోమీటర్. మెకానిక్కులు దానిని పాట్ అంటారు. దాని లోపల వంపు తిరిగిన కార్బన్ ట్రాక్ మీద వైపర్ అనే సన్నని లోహపు రేకు జారుతుంది. స్టీరియో యాంప్లిఫయర్‌లో ఎడమ, కుడి ఛానెళ్ల కోసం ఒకే షాఫ్ట్ మీద రెండు ట్రాకులుంటాయి. ఏళ్ల తరబడి చేరిన దుమ్ము, లోహం మీద ఏర్పడిన ఆక్సైడ్ పొర, గట్టిపడిన పాత గ్రీజు వైపర్‌ను ట్రాక్‌కు సరిగా తగలనివ్వవు కాబట్టే నాబ్ కదిలినప్పుడు శబ్దం పుడుతుంది.

తుప్పు వదిలించడానికి వాడే సాధారణ నూనె స్ప్రేను నేను సిఫారసు చేయను. మొదట శబ్దం తగ్గినట్టే ఉంటుంది గాని, మిగిలిన నూనె పొర మళ్లీ దుమ్మును పట్టుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మురికిని బాగా కరిగిస్తుంది, కానీ ట్రాక్ మీదున్న గ్రీజునూ కడిగేస్తుంది. లూబ్రికెంట్ కలిసిన కాంటాక్ట్ క్లీనరే ఈ పనికి సరైనది. ఉదాహరణకు డీఆక్సిట్ అనే బ్రాండు క్లీనర్ల శ్రేణిలో డి5 స్విచ్చుల వంటి లోహపు కాంటాక్టులకు, ఎఫ్5 పొటెన్షియోమీటర్లకు, ఫేడర్లకు (జరిపే రకం కంట్రోళ్లకు) ఉద్దేశించినవి.

మూత తీసే ముందు ప్లగ్ పీకడం ఒక్కటే చాలదు. పవర్ సప్లైలో ఉండే పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో మిగిలిన చార్జి పూర్తిగా దిగిపోయిందని మల్టీమీటర్‌తో నిర్ధారించుకున్న తరువాతే లోపల చేయి పెట్టాలి. టెర్మినళ్ల దగ్గరున్న సందులోంచి కొద్దిగా మాత్రమే స్ప్రే చేసి, నాబ్‌ను ఒక కొస నుంచి మరో కొస వరకు 20, 30 సార్లు తిప్పండి. షాఫ్ట్ బుష్‌లోకి మాత్రం స్ప్రే పోనివ్వకండి, ఎందుకంటే నాబ్ మెత్తగా, నిలకడగా తిరగడానికి కారణం అక్కడున్న చిక్కటి గ్రీజే. క్లీనర్ పూర్తిగా ఆరాక, వాల్యూమ్ బాగా తగ్గించి ఆన్ చేయండి.

శుభ్రం చేసిన కొద్ది రోజులకే గరగర తిరిగి వస్తే పాట్‌ను నిందించడానికి తొందరపడవద్దు. దాని ముందున్న, డీసీని ఆపి పాట సిగ్నల్‌ను మాత్రమే పోనిచ్చే కప్లింగ్ కెపాసిటర్ లీకై, డీసీ వోల్టేజి పాట్‌లోకి వస్తున్నా ఇదే శబ్దం వినిపిస్తుంది. పాటలేవీ పెట్టకుండా యాంప్లిఫయర్‌ను ఆన్ చేసి, పాట్ టెర్మినళ్లకు, గ్రౌండ్‌కు మధ్య డీసీని కొలిస్తే, చాలా యాంప్లిఫయర్లలో అది దాదాపు సున్నా ఉండాలి. అక్కడ వోల్టేజి కనబడితే మార్చవలసింది కెపాసిటర్‌ను, పాట్‌ను కాదు. ఈ కొలత చూడకుండానే కొత్త పాట్ కొనడం నా దృష్టిలో వృథా ఖర్చు.

ట్రాక్ నిజంగానే అరిగిపోయి ఉంటే అదే రెసిస్టెన్స్ గల, లాగ్ టేపర్ (నాబ్ తిప్పేకొద్దీ శబ్దం చెవికి సమంగా పెరిగినట్టు అనిపించే రెసిస్టెన్స్ అమరిక) ఉన్న డ్యూయల్ పాట్ కావాలి. రెసిస్టెన్స్ సమానంగా మారే లీనియర్ పాట్ వేస్తే నాబ్ కొద్దిగా తిప్పగానే శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది. లౌడ్‌నెస్ స్విచ్ (తక్కువ వాల్యూమ్‌లో బాస్‌ను పెంచేది) ఉన్న కొన్ని పాత మోడళ్లలో ఒక్కొక్క ట్రాక్‌కు మూడు కాక నాలుగు టెర్మినళ్లుంటాయి, వాటికి సాధారణ పాట్ సరిపోదు. అటువంటి పాట్ దొరకడం కష్టం కనుక, పాతదాన్నే జాగ్రత్తగా విప్పి, ట్రాక్‌ను శుభ్రం చేసి, వైపర్ ఒత్తిడిని సరిచేసుకోవడమే మంచిది.