జవాబులు లేని దస్త్రం

అందరికీ నమస్కారం. పరిచయం చేసినాయన నన్ను ఆటోమేషన్ నిపుణుడన్నారు. మా టీమ్ వింటే పడీపడీ నవ్వుతుంది. ఎందుకో చెప్తాను, స్లయిడ్లు తర్వాత చూద్దాం.

మా టీమ్ స్లాక్ చాట్‌లో రాసుకున్న నోట్స్‌ను రోజూ రాత్రి గిట్ రిపోలో, అంటే ఫైళ్లను వాటి పాత మార్పులతో సహా దాచే చోట, చేర్చే స్క్రిప్టు ఒకటి రాశాను. పని చిన్నదే. ప్రోగ్రాములు డేటా అడిగే ద్వారమైన స్లాక్ ఏపీఐని అడగడం, వచ్చిన జేసన్ డేటాను తేదీవారీ మార్క్‌డౌన్ టెక్స్ట్ ఫైళ్లు చేయడం, కమిట్, అంటే రిపోలో నమోదు, ఆపైన పుష్, అంటే సర్వర్‌కు పంపడం. అవసరమూ ఉంది. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 90 రోజులు దాటిన మెసేజ్‌లు కనబడవు. 2024 ఆగస్టు నుంచి ఏడాది దాటినవాటిని చెరిపేస్తున్నారు కూడా. మన మాటలు మనమే దాచుకోవాలి.

ఏడాదిన్నర పాటు స్క్రిప్టు సరిగ్గా నడిచిందని రోజూ పచ్చ టిక్కే. ఒకరోజు కొత్తగా చేరినమ్మాయి మా సిస్టమ్‌లో పనుల్ని వరుసలో నిలిపే పాత క్యూ గురించి అడిగింది: "ఈ క్యూని ఎందుకు తీసేశారండీ?" "రిపోలో వెతకమ్మా, అన్నీ ఉంటాయి" అన్నాను దర్జాగా. వెతికింది. "క్యూ తీసేద్దామా?" అన్న ప్రశ్న దొరికింది. దాని కింద ఏమీ లేదు.

చర్చంతా థ్రెడ్‌లో, అంటే ఆ మెసేజ్ కింద విడిగా సాగే జవాబుల వరుసలో, జరిగింది. ఛానల్ చరిత్ర అడిగితే ఏపీఐ థ్రెడ్ మొదటి మెసేజే ఇస్తుంది. లోపలి జవాబులకు దాని టైమ్‌స్టాంప్ పట్టుకుని విడిగా అడగాలి. నేను అడగలేదు. ఏడాదిన్నర పాటు ప్రశ్నలు భద్రంగా దాచి, జవాబులు గాలికొదిలేశాను! చాట్‌లో చూద్దామా అంటే ఏడాది దాటిపోయింది.

ఏదీ, చేతులెత్తండి. ఈ నెలలో మీ బ్యాకప్‌ను తెరిచి చదివినవాళ్లెందరు? వెనక ఒక్కరు. చప్పట్లు ఆయనకు కొట్టండి.

థ్రెడ్లు కూడా తెచ్చేలా సరిచేశాక ఇంకో తమాషా. ఒకాయన థ్రెడ్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ పెట్టి, మర్నాడు నాలుక్కరుచుకుని చెరిపేశాడు. రాత్రే అది కమిట్ అయిపోయింది. ఫైల్లో ఆ వరుస తీసేసినా పాత కమిట్లలో ఉంటుంది కదా! ముందు పాస్‌వర్డ్ మార్చి, ఆ తర్వాతే రిపో చరిత్ర తిరగరాసే పనిలో పడ్డాం. అప్పట్నుంచీ అన్నీ దాచడం మానేశాం. ఎవరైనా పిన్ గుర్తు పెట్టిన థ్రెడ్లే రిపోలోకి వెళ్తాయి, అదీ రహస్యాలు పట్టే స్కానర్ దాటాక. మీరూ అలాగే చేయండి, దయచేసి.

క్యూ సంగతంటారా? పాతవాళ్లను కూర్చోబెట్టి అడిగితే ముగ్గురూ మూడు కారణాలు చెప్పారు. మూడూ రాసి కమిట్ చేశాను, చేత్తోనే.

ఆ, ఇప్పుడు మొదటి స్లయిడ్ వేయండి.