రంగస్థలం నుంచి బుల్లితెరకు: నాటక రచయిత తనతో ఏం తెస్తాడు?

(తెరపై: ఐనవోలు మల్లన్న గుడి ప్రాంగణం. డోలు, తాళాల నడుమ ఒగ్గు కథకుడు.)

వ్యాఖ్యానం:
ఐనవోలు జాతరలోనో, కొమురవెల్లిలోనో తెలంగాణ జానపద కథాగానమైన ఒగ్గు కథ విన్నవారు ఈ పద్ధతిని గుర్తుపడతారు. మల్లన్న కథ చెబుతున్న కథకుడు, వేషం మార్చకుండానే, గొంతు మార్చి ఒక పాత్రగా నాలుగు మాటలు పలుకుతాడు. మరుక్షణం మళ్లీ కథకుడై జనం వైపు తిరుగుతాడు. పక్కనుండి వంత పాడే సహచరుడు, అంటే వంత, మన తరఫున ప్రశ్న వేస్తాడు, ఆశ్చర్యపోతాడు, ఒక్కోసారి అడ్డు కూడా చెబుతాడు. ఎదురుగా కూర్చున్నవారికి కథ చెబుతున్నామన్న ఎరుక ఆ ప్రదర్శనలో ఒక్క క్షణం కూడా తప్పదు.

నాటక రచయితలు టెలివిజన్‌కు రాసినప్పుడు వెంట తెచ్చే అసలైన విద్య ఈ ఎరుకేనని నా అభిప్రాయం. ఒకే గదిలో నడిచే సన్నివేశాలు, పొడవైన సంభాషణలు, తక్కువ పాత్రలు అన్నీ దాని వెనుక వచ్చేవే.

(తెరపై: ఖాళీ వేదిక, మధ్యలో ఒక్క కుర్చీ.)

ఫీబీ వాలర్-బ్రిడ్జ్ రాసిన 'ఫ్లీబ్యాగ్'ను చూద్దాం. 2013లో ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో ఆమె ఒక్కతే కూర్చుని ప్రేక్షకులతో మాట్లాడిన ఏకపాత్ర నాటకం అది. 2016లో బీబీసీ త్రీ కోసం దానిని ఆమే సీరియల్‌గా మలిచారు. వేదిక మీద మాటల్లో మాత్రమే ఉన్న అక్క, తండ్రి, చనిపోయిన స్నేహితురాలు తెర మీద మనుషులై వచ్చారు కనుక, ప్రేక్షకుడితో మాట్లాడే అవసరం తీరిపోయిందని మరొక రచయిత అనుకుని ఉండేవారేమో. ఆమె అలా అనుకోలేదు. ఆ చూపును కెమెరా వైపు తిప్పారు. ఇతరులతో మాట్లాడుతూనే నాయిక మధ్యలో మనవైపు తిరిగి ఒక మాట అంటుంది, ఒక్కోసారి చూసి ఊరుకుంటుంది. ఎదుటివారికి అది కనిపించదు.

2019లో వచ్చిన రెండో భాగంలో ఈ పద్ధతే కథ అయింది. ఆమె ప్రేమించిన మతగురువు, ఆమె మనవైపు తిరిగిన క్షణాన్ని పసిగట్టి, ఇప్పుడు ఎక్కడికి వెళ్లావని అడుగుతాడు. అంతవరకు ఆమెకూ మనకూ మధ్య మాత్రమే ఉన్న రహస్యంలోకి మూడో మనిషి వచ్చాడు. తనను నిజంగా గమనించే ఒకరు దొరికారని నాయికకూ, మనకూ ఒకేసారి తెలిసింది. వేదిక మీద ప్రేక్షకుడి ముందు నిలబడినవారికే ఇటువంటి ఆలోచన తడుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

(తెరపై: రెండు గదులు, రెండు జంటలు, ఒకే వేదిక.)

టోనీ కుష్నర్ 'ఏంజెల్స్ ఇన్ అమెరికా' దారి వేరు. రెండు భాగాల ఆ నాటకాన్ని కుష్నరే తిరిగి రాయగా, మైక్ నికోల్స్ దర్శకత్వంలో 2003లో హెచ్‌బీఓ ప్రసారం చేసింది. నాటకంలో విడిపోతున్న రెండు జంటల తగవులు ఒకే వేదిక మీద ఏకకాలంలో, ఒకరి మాట మీద మరొకరి మాట పడుతూ సాగుతాయి. టెలివిజన్‌లో ఆ పని దృశ్యాల కూర్పు (ఎడిటింగ్) ద్వారా జరిగింది: ఒక ఇంటి నుంచి మరో ఇంటికి, మాట తెగిన చోటల్లా, దృశ్యం మారుతుంది. రంగస్థలంలో ఒకే నటుడు పలు పాత్రలు ధరించే సంప్రదాయాన్ని మాత్రం వదల్లేదు. మెరిల్ స్ట్రీప్ ముసలి యూదు మతగురువుగానూ, ఒక తల్లిగానూ, గూఢచర్యం కేసులో అమెరికా మరణశిక్ష విధించిన ఎథెల్ రోజెన్‌బర్గ్‌గానూ కనిపిస్తారు. దేవదూతను ఎగరేసే తీగలు ప్రేక్షకులకు కనబడినా ఫరవాలేదని, కనబడితే మంచిదేనేమోనని కుష్నర్ నాటక ప్రతిలో సూచించారు. తెర మీద ఆ స్వేచ్ఛ తక్కువ. కెమెరా ముందు తీగ కనబడితే చూసేవారు దానిని లోపంగానే తీసుకుంటారు. బహుపాత్రాభినయాన్ని ఉంచుకోవడం వల్ల, ఇది ఆడి చూపుతున్న కథ అన్న స్పృహ కొంతైనా మిగిలింది.

పీటర్ మోర్గాన్ 2013 నాటకం 'ది ఆడియన్స్' మూడేళ్ల తరువాత వచ్చిన నెట్‌ఫ్లిక్స్ సీరియల్ 'ది క్రౌన్'కు బీజం. బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్‌కూ ప్రధానమంత్రులకూ మధ్య వారం వారం జరిగిన ఏకాంత సమావేశాలే ఆ నాటకం. వేదిక మీద కాలక్రమాన్ని చెదరగొట్టిన రచయిత, సీరియల్‌లో వరుసగా నడిపించి, ఆ సమావేశాలను తరచూ తిరిగివచ్చే సన్నివేశాలుగా ఉంచుకున్నారు.

మనకు దూరదర్శన్ 'మహాభారత్'లో కథ చెప్పే 'సమయం' గొంతు సుపరిచితమే. అదీ సూత్రధారుడి వారసత్వమే.

(తెరపై: హనుమకొండ, కాళోజీ కళాక్షేత్రం.)

ఇక్కడి యువ నాటక రచయితలు ఒగ్గు కథనో, చిందు యక్షగానాన్నో వెబ్ సిరీస్‌గా మలచాలనుకుంటే ఏం చేయాలి? ప్రదర్శన ముందు మూడు కెమెరాలు పెట్టి చిత్రీకరిస్తే దొరికేది రికార్డింగ్ మాత్రమే. కథకుడి చూపు కెమెరాకు పక్కగా ఉన్న జనం మీద ఉంటుంది కనుక, ఇంట్లో చూసేవారు ఆ కథకు బయటివారై మిగిలిపోతారు. స్క్రిప్ట్ మొదలుపెట్టే ముందే మూడు విషయాలు తేల్చుకోవాలి: కథకుడు ఎవరిని చూసి మాట్లాడతాడు, వంత కథలో పాత్రా లేక చూసేవారి ప్రతినిధా, కథకుడు పాత్రగా మారే క్షణంలో అదే నటుడు ఉంటాడా లేక వేరొకరు వస్తారా. నా మాట అడిగితే, కనీసం ప్రధాన పాత్రల విషయంలో అదే నటుణ్ణి ఉంచమంటాను, ఎందుకంటే ఒకే ముఖం మీద రెండు మనసులు మారడాన్ని జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య వంటి కథకులు ఎంతటి కళగా తీర్చారో, దగ్గరి షాట్‌లో అది అంతకంటే స్పష్టంగా కనిపించగలదు. ఎపిసోడ్‌ను ఎక్కడ ఆపాలన్నదానికి రాత్రుల తరబడి కథ నడిపిన పెద్ద కథకుల దగ్గర కూర్చుని, ఏ రాత్రి ఏ ఘట్టం వద్ద ఆపేవారో, ఎందుకు అక్కడే ఆపేవారో అడిగి రాసుకోవడంతో పని మొదలుపెట్టవచ్చు.