గోడ వెనక నీళ్లు
(ఒంగోలు కొండ వాలులో ఇళ్లున్నవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేసిన మిత్రుడు ‘ముప్పై ఏళ్లు ఇరిగేషన్‌లో చెరువు కట్టలు చూసిన మనిషి’ అన్నారు. నిజమే. ఆ మనిషి తన పెరట్లో కట్టించిన గోడ రెండో వానాకాలానికే కూలిందన్న సంగతి మాత్రం మర్యాద కొద్దీ వదిలేశారు. ఈ సాయంత్రం చెప్పాల్సింది దాని గురించే కాబట్టి నేనే చెప్పేస్తాను.

మా ఇల్లు మీలో చాలామంది చూశారు. ముందు రోడ్డు, వెనక కొండ వాలు. స్థలం ఐదు సెంట్లు. ఇల్లు కట్టగా వెనక మిగిలింది ముప్పై అడుగులు. ఆ ముప్పై అడుగుల్లోనే నేల తొమ్మిదడుగులు పైకి లేస్తుంది. రిటైరయ్యాక ఆ వాలు చూస్తూ కూర్చోలేక జేసీబీ పిలిపించాను. నిలువుగా కోసి, సైజు రాయితో, సిమెంటుతో తొమ్మిదడుగుల గోడ ఒక్కటే లేపాం. ముందు చదునైన పెరడు, వెనక కోట గోడ లాంటి గోడ. చూసినవాళ్లంతా బాగుందన్నారు. నాకూ బాగానే ఉంది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు రోజు సాయంత్రం మా ఆవిడ గ్యాస్ బండ కోసం పెరటి తలుపు తీసి, లోపలికొచ్చి, “ఏవండీ, గోడకు పొట్ట వచ్చినట్టుంది, ఒకసారి చూడండి” అంది. వానలో గొడుగేసుకుని వెళ్లి చూశాను. గోడ మధ్యలో జానెడు ముందుకు ఉబ్బి ఉంది. లోపలికొచ్చి, పెరటి వైపు ఎవరూ వెళ్లొద్దని తలుపు గడియ పెట్టాను. అప్పటికి చేయగలిగింది అదొక్కటే. తెల్లారేసరికి పదిహేనడుగుల మేర గోడ తులసికోట మీద పడి ఉంది. మనిషికి దెబ్బ తగల్లేదు, అది మా అదృష్టం.

ఇప్పుడు అసలు విషయం. ఆ గోడకు నేను నీళ్లు కారే బొక్కలు పెట్టించాను. మూడంగుళాల పైపులు, వరసగా. అంత మాత్రం తెలియనివాణ్ని కాను. కూలిన రాళ్లు తీస్తుంటే ఆ పైపులు బయటపడ్డాయి. ఒకటి చేతిలోకి తీసుకుని కన్ను పెట్టి చూశాను, అవతలి వెలుగు కనపడలేదు. పుల్లతో పొడిస్తే సీసాకు బిరడా బిగించినట్టు ఎర్రమట్టి ముద్దగా ఊడొచ్చింది. గోడ వెనకంతా అదే మట్టి, వేలు దిగేంత మెత్తగా.

ఆ మట్టి అక్కడికెలా వచ్చింది? నేనే పోయించాను. పుస్తకంలో చదువుకున్న మాట నోటికొచ్చి, ఫోన్లో ‘గోడ వెనక పోయడానికి నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ పంపు’ అన్నాను. ఇంజనీరింగ్ పుస్తకంలో గ్రావెల్ అంటే గులకరాయి, నీళ్లు జారిపోయేది. మన జిల్లాలో గ్రావెల్ అంటే ఏమిటో మీకు తెలుసు. రోడ్డు పక్కన పోసి రోలర్ తిప్పే ఎర్రమట్టి, నీళ్లు పట్టి గట్టిపడేది. ట్రాక్టరు అబ్బాయి నేనడిగిందే పంపాడు. ఆ రోజు నేను పొలం పని మీద కందుకూరు వెళ్లాను. ముప్పై ఏళ్లలో ఎన్ని వందల ట్రాక్టర్ల గ్రావెల్‌కు కొలతలు రాశానో, నా ఇంటి దగ్గరికొచ్చేసరికి ఆ మాటకు పుస్తకంలో అర్థం గుర్తొచ్చింది.

గోడను మట్టి పడేస్తుందని అందరూ అనుకుంటారు. పొడి మట్టి చాలావరకు తనను తానే పట్టుకుని నిలబడుతుంది. నీళ్లు అలా నిలబడవు, ఉన్న బరువంతా పక్కకు నెడతాయి. లెక్క చూడండి. ఐదు సెంట్ల మీద పది సెంటీమీటర్ల వాన పడితే ఇరవై వేల లీటర్లు. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు తెచ్చి మీ పెరట్లో ఒంపినట్టు. కొండ మీంచి దిగేది దీనికి అదనం. ఆ నీళ్లు గోడ వెనక పూర్తిగా నిండితే, తొమ్మిదడుగుల గోడ మీద అడుగు పొడవుకు సుమారు 1,150 కిలోల తోపుడు పడుతుంది. ముప్పై అడుగుల గోడకు ఎంతో మీరే వేసుకోండి.

అదే మూడడుగుల గోడకు ఎంత? అడుగు పొడవుకు 127 కిలోలు. ఎత్తు మూడో వంతుకు తగ్గితే తోపుడు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. తొమ్మిదడుగులు ఒకే గోడతో ఎక్కే బదులు మూడు గోడలతో అంచెలుగా ఎక్కమనడం అందుకే. అందం తర్వాత సంగతి. ఇంగ్లీషులో దీన్ని టెర్రస్ అంటారు. మన దగ్గర టెర్రస్ అంటే డాబా మీద వడియాలు పెట్టుకునే చోటు, కాబట్టి నేను అంచె అనే అంటాను. మాటతో ఒకసారి దెబ్బ తిన్నాను చాలు.

అంచెకూ అంచెకూ మధ్య దూరం దగ్గర పిసినారితనం పనికిరాదు. పై గోడ బరువు కింది గోడ మీదికి రాకుండా ఉండాలంటే, కింది గోడ ఎత్తుకు కనీసం రెండింతల దూరం వెనక్కి జరగాలి. మూడడుగుల గోడకు ఆరడుగులు. అడుగున్నరకే రెండో గోడ లేపితే ఆ రెండూ కలిసి ఒకే ఎత్తయిన గోడ కింద లెక్క. నాలుగడుగులు దాటే గోడ దేనికైనా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి డబ్బులిచ్చి అడగండి. నన్ను అడగొద్దు.

మళ్లీ కట్టేటప్పుడు చీమకుర్తి వైపు నుంచి ఒక పెద్ద మేస్త్రిని తీసుకొచ్చాను. ఆయన కూలిన గోడ చుట్టూ ఒకసారి తిరిగి, “సార్, మీ ఊళ్లో పాత బావులు లేవా?” అన్నాడు. నాకు అర్థం కాలేదు. “బావికి రాతి వరస ఎట్ట కడతారు? సిమెంటు పెడతారా? నీళ్లు సందుల్లోంచి వస్తాయి, పోతాయి. రాయి మాత్రం ఉండేచోటే ఉంటుంది” అన్నాడు. చెరువు కట్టకు లోపలి వైపు పేర్చే రాతి పరుపూ అంతే కదా. అది నా ఉద్యోగం. ఇన్నేళ్లు దాని మీద నడిచి, ఇంట్లో మాత్రం సందు లేకుండా సిమెంటు పూశాను.

అంచెల గోడలు మూడూ సిమెంటు లేకుండానే కట్టాడు. పునాది అడుగు లోతు. అడుగున గోడ మందం ఇరవై అంగుళాలు. మూడడుగులు లేచేసరికి ముఖం ఆరంగుళాలు కొండ వైపుకు వాలి ఉంటుంది. ఆ వాలు కోసం రెండు చివర్లా కర్రలు ఏటవాలుగా పాతి దారం కట్టాడు. రాయి పెట్టే తీరు గంటల తరబడి చూస్తూ కూర్చున్నాను. చేతిలోకి తీసుకోగానే ఒకసారి తిప్పి చూస్తాడు. పొడుగు వైపు గోడ లోపలికి పోవాలి, పొట్టి వైపు మనకు కనపడాలి. మనమేమో రాయి పెద్ద ముఖం బయటికి కనపడాలని అడుగుతాం. అలా పలకలా నిలబెట్టిన రాయి గోడకు తొడిగిన చొక్కా లాంటిది, గోడను పట్టుకోదు. రెండు రాళ్ల మధ్య సందు మీద పై వరసలో తప్పనిసరిగా రాయి నడుము రావాలి. అక్కడక్కడా గోడ మందమంతా పట్టే పొడుగు రాయి ఒకటి వేసేవాడు. రాయి కదులుతుంటే వెనక నుంచి చీలిక కొట్టేవాడు. ముందు నుంచి కొట్టిన చీలిక నాలుగు వానలకు ఊడి పడుతుందట. ఒక్కో వరస అయ్యాక దాని మీద ఎక్కి అటూ ఇటూ నడిచేవాడు. ఏ రాయి అయినా టకటకమంటే తీసేసి మళ్లీ మొదలు.

రాయి ఎక్కడ దొరుకుతుందన్న బెంగ మనకు లేదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా పోతుంది. క్వారీల దగ్గర పనికిరాదని పోసిన రాయి గుట్టలుగా ఉంది. దానికి పాలిష్ విలువ లేదు గానీ, గోడకు అంతకన్నా గట్టి రాయి అక్కర్లేదు. మళ్లీ పాలిష్ గెలాక్సీ పలకలు తెచ్చి అరుగు మీద మాత్రం పరవకండి. నల్ల రాయి, నున్నటి ముఖం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, ఆ ఎండకు పగలంతా కాగిన రాయి మీద రాత్రి దాకా కాలు పెట్టలేరు. తడిస్తే జారుతుంది. నేను గరుకు ముఖం ఉన్న కడప బండ వేయించాను. ఎండకు అదీ కాలుతుంది గానీ కాలు జారదు.

అరుగు, అంటే ఇప్పటి పిల్లలు ప్యాటియో అనేది, దాని గురించి రెండే మాటలు. కొండను కోసిన చోట వేసుకోండి, మట్టి పోసిన చోట వేయకండి. పోసిన మట్టి ఎంత దిమ్మిస చేసినా ఒకటి రెండు వానాకాలాలు దిగుతూనే ఉంటుంది. సగం కోత మీద, సగం పోత మీద వేస్తే బండలు సరిగ్గా మధ్యలో విరుగుతాయి. వాటం అడుగుకు పావంగుళం, ఇంటి నుంచి బయటికి. మాది పదడుగుల వెడల్పు కాబట్టి అవతలి అంచు రెండున్నర అంగుళాలు కిందికి ఉంది. ఆ నీళ్లు మొదటి గోడ పునాదిలోకి దిగకుండా గోడ ముందు సిమెంటు కాలువ ఒకటి తీసి, పక్క నుంచి వీధి కాలువలో కలిపాం. అన్నిటికన్నా పైన, మూడో గోడ వెనక ఇంకో కాలువ ఉంది. కొండ నీళ్లు పెరట్లోకి రాకముందే పక్కకు మళ్లేది అక్కడే. డబ్బులు తక్కువైతే అరుగు వచ్చే ఏడాదికి వాయిదా వేయండి, ఆ పై కాలువ మాత్రం వాయిదా వేయకండి.

అంచెల మీద మా ఆవిడ మల్లె, కరివేపాకు, నందివర్ధనం పెట్టింది. గోడ అంచుల్లో వట్టివేరు నాటాం. దాని వేరు పక్కలకు పాకకుండా నిలువుగా దిగి మట్టిని పట్టుకుంటుంది. రాళ్ల సందుల్లో రావి మొక్క మొలిస్తే దేవుడి చెట్టని ఊరుకోకండి, రెండాకులున్నప్పుడే పీకి కుండీలో పెట్టి గుడికి ఇచ్చేయండి.

చివరగా ఆ ట్రాక్టరు సంగతి. గోడ వెనక అడుగు మందాన కంకర నిండాలి. కంకరకూ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ, అంటే నీళ్లను పోనిచ్చి మట్టిని ఆపే గుడ్డ, పరవాలి, లేకపోతే మట్టి కొట్టుకొచ్చి సందులు పూడుకుంటాయి. ఫోన్లో గ్రావెల్ అనే మాట ఎత్తొద్దు. ‘నలభై ఎంఎం నల్ల కంకర, డస్ట్ లేకుండా’ అనండి. ట్రాక్టరు వచ్చే వేళకు ఎంత పనున్నా ఇంట్లోనే ఉండండి. తొట్టి ఎత్తకముందే ఎక్కి గుప్పెడు తీసుకుని, బకెట్ నీళ్లలో ముంచి చూడండి. నీళ్లు ఎర్రబడితే డ్రైవరుకు టీ ఇప్పించి, లోడు అట్నుంచి అటే వెనక్కి పంపించేయండి.

ఎవరైనా వచ్చి చూస్తామంటే మా పెరటి తలుపు తీసే ఉంటుంది. వాన పడుతున్నప్పుడు రండి, గొడుగు నేనిస్తాను.